గట్టి రకం సుద్ద

"మధ్యాహ్నంలోగా నాకు పేరు కావాలి. లేకపోతే నీ ఉద్యోగం మీద ఆశ వదులుకో," అన్నాడు అధికారి కొత్తమ్మాయితో.

పేరంటే దొంగ పేరు. ఆసుపత్రి వీధిలో బండ్ల చక్రాల మీది సుద్దగీతల్ని ఎవరో చెరిపేస్తున్నారు.

ఆ వీధిలో ఏ బండీ గంటకు మించి ఆగకూడదు. ఒకరు ముందుగా వచ్చి, టైరు మీదా దాని కింద రోడ్డు మీదా కలిసేలా సుద్దతో గీత గీస్తారు. గంట తర్వాత ఇంకొకరు వచ్చి చూస్తారు. గీత కలిసే ఉంటే బండి కదలనట్టే, చక్రానికి తాళం వేస్తారు. గీత లేని బండిని ముట్టుకోకూడదు. ఇదీ రూలు. పొద్దున ఆపిన బండ్లు మధ్యాహ్నం దాకా అక్కడే ఉంటున్నాయి. గీతలే ఉండటం లేదు.

గీసేది అందరూ బాబాయి అని పిలిచే పాత ఉద్యోగి. తాళం వేయాల్సింది కొత్తమ్మాయి. ఆమె చేరి మూడు నెలలైంది. ఇంకా పర్మనెంటు కాలేదు.

బాబాయికి ఉద్యోగంలో ఇవాళే ఆఖరి రోజు. ఊళ్లో డ్రైవర్లంతా ఆయన్ని సుద్దముక్క అంటారు. "సుద్దముక్క వస్తున్నాడ్రా, చక్రాలు దాచుకోండి!" అని అరుస్తారు. ముప్పై ఏళ్లలో ఒక్కణ్ణీ వదల్లేదు. సొంత బావమరిది పెళ్లికారుకు తాళం వేశాడు. పైఅధికారి జీపుకూ వేశాడు. పెద్దవాళ్ల బండి కనబడగానే చూపు తిప్పుకునే ఉద్యోగులున్న ఊళ్లో అలాంటి మనిషి ఒక్కడుంటే చాలు. కొత్తమ్మాయికి ఆయనంటే భక్తి. అందుకే ఆమెకు ఇంత ఉక్రోషం. ఎవడో గానీ, ఏకంగా బాబాయి గీతనే చెరిపేస్తాడా!

"బాబాయ్, మీకు కోపం రావట్లేదా?" అని అడిగింది, ఇద్దరూ వీధి మొదట్లోకి రాగానే.

"దేనికి?"

"మీ గీతలు చెరిపేస్తున్నారుగా!"

"నా గీత చెరిపేవాడు ఇంకా పుట్టలేదమ్మాయ్."

అంత పొగరేమిటి ఈ ముసలాయనకి అనుకుని నవ్వుకుంది.

బాబాయి చేతిలోని సుద్దను కుడి జేబులో వేసుకుని, వేళ్లు రుమాలుతో శుభ్రంగా తుడుచుకుని, ఎడమ జేబులోంచి ఇంకో ముక్క తీశాడు. ఈ వీధికొస్తే ఎప్పుడూ అంతే. "ఇక్కడి రోడ్డు గరుకు. గట్టి రకం కావాలి," అంటాడు. ఒకసారి ఆమె అడిగితే ఇవ్వలేదు. "నీది నువ్వు వాడు. ఇది అలవాటున్న చేతికే లొంగుతుంది," అన్నాడు.

ఆమె రోడ్డుకు అవతల, మూసి ఉన్న కొట్టు అరుగు మీద కూర్చుంది. కళ్లు ఆర్పకుండా చూసింది. బాబాయి ప్రతి చక్రం దగ్గరా వంగుతున్నాడు. నడుం పట్టుకుని లేస్తున్నాడు. పదమూడు బండ్లు, పదమూడు వంగుళ్లు. ఒక్కటీ వదల్లేదు.

అన్నీ డయాలసిస్‌కు వచ్చినవాళ్ల బండ్లే. లోపల మిషను మీద మనిషి నాలుగు గంటలు పడుకోవాలి. బయట బోర్డు గంటే అంటుంది. బోర్డు రాసినవాడు ఆ మంచం మీద ఒక్క పూటైనా పడుకుని ఉండడు. నాలుగు గంటలకు మార్చండని బాబాయి పదకొండు అర్జీలు పెట్టాడు. పదకొండింటికీ ఒకటే జవాబు: పరిశీలనలో ఉంది. పన్నెండోది ఎందుకు పెట్టలేదని అడిగితే, "కాళ్లు అరిగాయి," అన్నాడు.

గంట గడిచింది. బండ్ల దగ్గరికి ఎవరూ రాలేదు. వీధి పక్క పాకలో బట్టలు ఇస్త్రీ చేసే పెద్దమ్మ మాత్రం ఒకసారి తడిగుడ్డతో బయటికొచ్చి, బకెట్‌లో నీళ్లు రోడ్డు మీదికి చల్లి లోపలికెళ్లింది.

కొత్తమ్మాయి లేచి వెళ్లి చూసింది. పదమూడు చక్రాలు. ఒక్క గీతా లేదు.

అంతలో అధికారి జీపు దిగాడు. తడిసిన రోడ్డు చూశాడు, ఇస్త్రీ బల్ల మీది తడిగుడ్డ చూశాడు.

"దొరికిందిగా! ఆ ముసలిదే. పేరు రాయి. రేపు ఆ బల్ల లేపించేస్తా."

పెద్దమ్మ ఇస్త్రీపెట్టె వదిలేసి పరుగున వచ్చింది. "దుమ్ము లేస్తోందని నీళ్లు చల్లాను నాయనా! నాకేం తెలుసు?"

కొత్తమ్మాయి చేతిలో కలం ఉంది. ఒక్క పేరు రాస్తే ఉద్యోగం ఆమెది.

"నీళ్లు చల్లడం చూశాను సార్. గీత చెరపడం చూడలేదు. చూడందాన్ని రాయను."

"అయితే ఇంటికి పో!"

"ఆగండి సార్," అంటూ బాబాయి మెల్లగా వచ్చాడు. "పని నేర్పింది నేను. పనికొస్తుందో లేదో రాయాల్సిందీ నేనే. నా సంతకం పడితే ఇంకెవరూ కొట్టెయ్యడానికి లేదు. రూలు మీకు తెలియంది కాదు."

బాబాయి ఆమె పర్మనెంటు కాగితం తీసి, జీపు ముందుభాగం మీదే పెట్టి రాశాడు: ఈ వీధికి ఈ అమ్మాయే తగినది. కింద సంతకం పెట్టాడు.

"మరి చెరిపేవాడి సంగతేంటయ్యా?" అన్నాడు అధికారి పళ్లు నూరుతూ.

"వెతుకుతుంది లెండి. ఇంతకీ మీ జీపు ఆసుపత్రి గేటుకు అడ్డంగా ఉంది. తాళం తెప్పించమంటారా?"

జీపు దుమ్ము రేపుకుంటూ పోయింది. పెద్దమ్మ పకపకా నవ్వింది.

బాబాయి టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. ఎడమ జేబులోని ముక్క తీసి కొత్తమ్మాయి అరచేతిలో పెట్టి వేళ్లు మూశాడు.

"కుడి జేబులోది ఊరందరికీ. ఇది ఈ వీధికి మాత్రమే. అరగదు, నీ ఉద్యోగం ఉన్నన్నాళ్లూ వస్తుంది."

"అరగని సుద్ద ఉంటుందా బాబాయ్?"

ఆయన వెనక్కి చూడకుండా వీధి మలుపు తిరిగాడు.

ఆమె దగ్గర్లోని చక్రం ముందు వంగి, ఆయనలాగే పైనుంచి కిందికి గట్టిగా ఒక గీత గీసింది. ఏమీ పడలేదు. మళ్లీ గీసింది. అరచెయ్యి వెలుతురులోకి తెచ్చి చూసుకుంది.

అది తెల్లరంగు వేసిన చెక్కముక్క.