మూడో జగ్గు

“ఏది మంచిదన్నావురా ఆ రోజు? చెప్పు!”

వెల్డరు చేతిలోని గాజు జగ్గు షాపాయన నెత్తిమీద పడి భళ్ళున పగిలింది. ముసలాయన తూలిపడబోయి కౌంటరు పట్టుకున్నాడు. చెవి పక్కనుంచి నెత్తురు కారి కాలరులోకి దిగుతోంది.

“మూడోదన్నాను బాబూ. ఇప్పుడూ అదే అంటాను.”

“ఇంకా అంటావా!”

ఈసారి చెంప పగిలింది. కళ్ళజోడు ఎగిరి మూలన పడింది.

కొట్టు ముందు జనం పోగయ్యారు. ఆపడానికి ఒక్కడికీ కాలు కదలలేదు గానీ, చోద్యం చూడటానికి మాత్రం వెనకాలవాళ్ళు ముందువాళ్ళ భుజాలమీదికి ఎగబడుతున్నారు. వెల్డరు అసలే ఇనుప దూలాలు మోసే మనిషి. అడ్డం వెళ్ళి ఎముకలు విరగ్గొట్టించుకోవాలని ఎవరికుంటుంది?

“వాళ్ళ పాప ఆస్పత్రిలో ఉందట,” అంది కూరగాయలావిడ. “పొద్దున ఫిట్స్ వచ్చాయట. నీళ్ళలోంచి ఒంట్లోకి సీసం చేరిందన్నారట పాపం.”

“అయితే వీణ్ణి తన్నాల్సిందే,” అన్నాడు పక్క కొట్టు టైలరు. తన్నడానికి వేరే మనిషి ఉన్నప్పుడు అలా అనడం తేలికే.

ఆ వీధిలో నీళ్ళ గొట్టాలు పాతకాలం నాటివి, సీసంతో చేసినవి. పైపుల పనివాడు ఆ సంగతి చెవిన వేసిన రోజే వెల్డరు ఈ వడపోత జగ్గుల కొట్టుకు పరిగెత్తుకొచ్చాడు. “సీసం చుక్క మిగలకూడదు. కాల్షియం మాత్రం పోకూడదు. మా పాప ఎదిగే పిల్ల,” అని పట్టుబట్టాడు. షాపాయన ఓపిగ్గా మూడు జగ్గుల్లో నీళ్ళు వడకట్టి, సీసం తగిలితే నల్లబడే కాగితం పట్టీలు ముంచి, ఖనిజాలు కొలిచే మీటరు పెట్టి చూపించాడు. మొదటి జగ్గు సీసాన్ని సగం వదిలేసింది. రెండోది సీసంతో పాటు ఖనిజాలన్నిటినీ ఊడ్చిపారేసింది. మూడోది సీసాన్ని పట్టేసి, ఒంటికి కావలసినవి ఉంచింది. వెల్డరు దాన్నే కొన్నాడు.

“ఎక్కడో పొరపాటు జరిగింది బాబూ. కాస్త నెమ్మదిగా—”

“పొరపాటా? నీ దుంప తెగ! వంతెన పనిలో పడి నెలకోసారి ఇంటికొచ్చేవాణ్ణి నేను. నీ మాట నమ్మి జగ్గు మా ఆవిడ చేతిలో పెట్టా. ‘చాలా మంచి జగ్గు, జాగ్రత్తే’ అని మరీ చెప్పా. సీసం గొడవ వింటే బెంబేలెత్తిపోతుందని ఆ మాట ఎత్తనైనా లేదు. నిశ్చింతగా పనిలోకి పోయా. ఇవాళ వచ్చేసరికి నా కూతురు నన్ను గుర్తుపట్టలేదురా!”

వెల్డరు కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. ఆ ఏడుపు కాస్తా మళ్ళీ కోపమై, ఇంకో జగ్గు తీసి గోడకేసి కొట్టాడు.

“చూపించు! ఆ రోజు చేసిందంతా మళ్ళీ చెయ్యి! నా కళ్ళముందు!”

షాపాయన కుళాయి తిప్పాడు. కొట్టుకు వచ్చేవీ ఆ సీసం గొట్టాల నీళ్ళే. గ్లాసుడు పట్టి పట్టీ ముంచితే కాసేపటికి నల్లబడింది. అవే నీళ్ళు మూడో జగ్గులో వడకట్టి ఇంకో పట్టీ ముంచాడు. అది తెల్లగానే ఉంది. మీటరు పెట్టి చూస్తే ఖనిజాలూ ఎప్పటిలాగే ఉన్నాయి.

జనం గుసగుసలాడారు. వెల్డరు ఆ తెల్ల పట్టీని కళ్ళప్పగించి చూశాడు.

“అయితే నాకంటగట్టింది నకిలీదన్నమాట! చూపించేదొకటి, అమ్మేదొకటీనా?”

కడుపులో తన్నిన తన్నుకు ముసలాయన ముడుచుకుపోయాడు. లేవడానికి ఊపిరందలేదు.

“అంతా ఒకటే సరుకు బాబూ. మా మనవడూ ఈ జగ్గు నీళ్ళే తాగుతాడు. మీ జగ్గు తెప్పించండి, పరీక్షిద్దాం. దాన్లో తేడా ఉంటే నన్నిక్కడే చంపెయ్యండి.”

వెల్డరు ఫోను తీశాడు. పాప దగ్గర నానమ్మను కూచోబెట్టి, బట్టల కోసం ఇంటికొచ్చిన భార్య అవతల ఫోనెత్తింది.

“మన వడపోత జగ్గు పట్టుకుని కొట్టుకి రా.”

“ఇప్పుడా? ఎందుకండీ?”

“తెమ్మంటే తే!”

ఇల్లు వీధి చివరే. ఆమె వచ్చేదాకా ఆగితే సరిపోయేది. ఆ మనిషికి అంత ఓపికెక్కడిది! షాపాయన కుడిచెయ్యి పట్టుకుని కౌంటరు అంచుమీదికి లాగాడు.

“ఈ చేత్తోనేగా పట్టీలు ముంచి నన్ను బుట్టలో వేసుకున్నావ్?”

“వద్దు బాబూ! ఆవిణ్ణి రానీ! నీ కాళ్ళు పట్టుకుంటా!”

ఎముక విరిగిన చప్పుడు రోడ్డుమీదికి వినబడింది. ముసలాయన పెట్టిన కేకకు కూరగాయలావిడ మొహం కప్పుకుంది. ఇందాకటి టైలరు ఎటు పోయాడో కనబడలేదు.

జనాన్ని తోసుకుంటూ భార్య లోపలికొచ్చింది. జగ్గు ఉన్న అట్టపెట్టెను గుండెలకు హత్తుకుని ఉంది. నేలమీద గాజు ముక్కలు, నెత్తురు, వేలాడుతున్న చేతిని ఒళ్ళో పెట్టుకున్న ముసలాయన.

“ఇలా పెట్టు. వీడి బండారం అందరిముందూ బయటపెడతాను,” అన్నాడు వెల్డరు రొప్పుతూ.

షాపాయన తలెత్తాడు. “తియ్యమ్మా. తొందరగా తియ్యి.”

ఆమె పెట్టెను కౌంటరు మీద పెట్టింది. పెట్టింది గానీ, పైనుంచి చేతులు తీయలేదు. భర్త మొహంలోకి చూడలేకపోతోంది.

“నిన్నే! తియ్యవేం?”

“చుట్టాలొస్తే తీద్దామని దాచానండీ.”