ముక్కు బరువు

“ఆ ఇంజిన్ పెడితే బండి బాగుపడతాదా, పాడవుతాదా? అదొక్కటి చెప్పప్పా,” అన్నాడు దావీదురాజు.

జయపాల్ చేతుల జిడ్డు గుడ్డకు తుడుచుకున్నాడు. కడపలో రాయచోటి రోడ్డు మీద అతని కార్ల షెడ్డు. ఎదురుగా నిలబడినాయన వేంపల్లె దగ్గర చీనీ తోట, అంటే బత్తాయి తోట, చేసుకునే రైతు. ట్రాక్టరు తప్ప మరో మోటారు బండి ఎరగడు. అలాంటి మనిషి రెండు తలుపుల స్పోర్ట్స్ కారు గురించి అడగడం జయపాల్‌కు వింతగా తోచింది.

“ఏం ఇంజినన్నా?”

“టర్బో అంట. ముందుండే దానికంటే శానా బరువంట.”

“కొడుకు పట్టు పట్టినాడా?”

దావీదురాజు భుజం మీది తుండుతో ముఖం తుడుచుకున్నాడు. జయపాల్ ఆయన్ను స్టూలు మీద కూర్చోబెట్టి ఓపిగ్గా మొదలుపెట్టాడు.

“కర్నూలు రోడ్డు మాదిరి నేరుగా ఉంటే దూసుకోని పోతాది. సుఖం అంతవరకే. ఆ కారును తేలిగ్గా ఉండాలనే చేసినారు. మలుపుల్లో చెప్పినట్టు వింటాది, అదే దాని గొప్ప. బరువు ముక్కు మీద పెడితే ఆ గుణం పోతాది. ఎద్దుల బండికి మూటలన్నీ ముందరికే వేస్తే ఏమైతాది?”

“కాడి మీద పడతాది. ఎద్దులు తిరగలేవు.”

“ఇదీ అంతే. స్ప్రింగులు, బ్రేకులు తగినట్టు మారిస్తే కొంత నయం. ఇంజిన్ ఒక్కటే మార్చి ఊరుకుంటే దండగ పని. నేనైతే చెయ్యను.”

“అట్ల ఊరుకున్న బండిని మలుపులో తిప్పితే?”

“వేగం మీద ఉంటే చక్రాలు తిరుగుతాయి, బండి నేరుగానే పోతాది.”

“బ్రేకు తొక్కినా?”

“పాత బ్రేకులు ఆ బరువును ఆపలేవు.”

“నడిపేవాడు తిప్పాలని ఎంత చూసినా?”

జయపాల్ ఆయన ముఖంలోకి చూశాడు.

“ఇప్పటికే మార్చినారా అన్నా?”

“మార్చినాడు. గువ్వలచెరువు ఘాటులో పోయి కొట్టినాడు. రెండు కాళ్లూ ఇరిగినాయి. పెద్దాసుపత్రిలో ఉండాడు. అన్నం ముట్టడంట, ఎవరితో మాట్లాడడంట.”

జయపాల్ తల దించుకున్నాడు. “వేగం కూడా వాడు చేసిందే కదన్నా.”

“అవును. అది కూడా,” అంటూ దావీదురాజు లేచాడు.

రోడ్డు మీదికి రాగానే భార్య విశ్వాసమ్మ ఫోను చేసింది.

“యాడుండావు?”

“కడపలో. ఆసుపత్రికి పోతాండా.”

“నేను రాలేను. వాని మొగం చూడలేను.”

“నిన్ను రమ్మనను లే.”

ఇంతకు ముందు కూడా ఆయన ఆసుపత్రి గేటు దాకా వచ్చి వెనక్కి తిరిగాడు. ఈసారి లోపలికి నడిచాడు. వసంతకుమార్ కాళ్లకు కట్లతో గోడవైపు ముఖం పెట్టి పడుకొని ఉన్నాడు. అడుగుల చప్పుడుకు తల తిప్పి, ఆయన్ను చూసి గట్టిగా కళ్లు మూసుకున్నాడు.

“నా దగ్గరికి రావద్దు.”

దావీదురాజు మంచం పక్కన బల్ల లాక్కుని కూర్చున్నాడు.

“మలుపులో స్టీరింగు తిప్పినావా?”

“తిప్పినా. తిరగలేదు. ఫోను చూస్తా నడిపినా అంటారు అందరూ. చూడలేదు.”

“బ్రేకు?”

“తొక్కినా. తొక్కి పట్టుకున్నా. ఎవరూ నమ్మలేదు.”

దావీదురాజు ఆ పిల్లవాడి చేతులకేసి చూశాడు.

“ఆ ఇంజిన్ పెట్టడం నీ తప్పు. ఆ వేగం నీ తప్పు. అవి నువ్వు మోయాల్సిందే. తిప్పినా అనే మాట మాత్రం నిజం. ఈ పొద్దు తెలిసినోన్ని అడిగి వచ్చినా. కోర్టులో అడిగితే నేనే చెప్తా.”

వసంతకుమార్ వెక్కి వెక్కి ఏడ్చాడు. దావీదురాజు చెయ్యి పైకి లేచి కాసేపు గాల్లోనే ఆగింది. తరువాత మెల్లగా వాడి తల మీద వాలింది.

“ముందు అన్నం తిను,” అన్నాడు.

పక్క మంచం మీది ముసలామె కొంగుతో కళ్లు ఒత్తుకుంది. “ఎంతైనా కన్నతండ్రి కదా,” అంది.

దావీదురాజు తల ఎత్తలేదు.

ఆ కారు గుద్ది చనిపోయింది ఆయన కూతురు.