గిడుగు పెద్దాయన

ఎండలో తాటాకు గిడుగు నెత్తిన పెట్టుకుని పెద్దాయన పాకలోంచి బయటికొచ్చాడు.

వానల్లో నాట్లేసేవాళ్ళు కప్పుకునే గిడుగు అది. చూద్దామంటే ఆకాశంలో మబ్బు తునక లేదు.

అయినా గిడుగు ఆయన్ని దాచలేకపోయింది. కొబ్బరిచెట్టు మీంచి ఓ కాకి అరిచింది. అంతే, గుంపుగా దిగాయి. ఒకటి గిడుగు మీద తన్నింది. ఇంకొకటి మెడ మీద గీరింది.

ఆయన తిట్టలేదు, రాయి తీయలేదు. చెంబుతో నీళ్ళు ముంచుకుని, తల వంచుకుని పాకలోకి పోయాడు.

మురమళ్ళ అవతల ఆ గోదావరి రేవులో ఇది రోజూ జరిగేదే. ఇంతమంది తిరుగుతుంటే కాకులకి ఆయనొక్కడే కనిపిస్తాడు.

కిందటేడు తుఫాను వెలిశాక ఎక్కడినుంచో వచ్చి ఆ పాత పాకలో మకాం పెట్టాడు. పడవ వచ్చినప్పుడల్లా గుమ్మంలో కూర్చుని దిగేవాళ్ళ మొహాలు చూసేవాడు. పేరడిగితే నవ్వి ఊరుకునేవాడు. దాంతో ఊరే ఆయనకో కథ అల్లింది. శని పట్టిందని కొందరు, ఎవరి ఉసురో తగిలిందని కొందరు. కథలు అల్లడానికి ఊరికి ఖర్చేముంది!

కానీ ఇవాళ ఆ కాకులు నాగదుర్గకి కావాలి.

ఆమె భర్త నాగబాబు రొయ్యల చెరువుల కాపలాకి వెళ్ళి, ఆ తుఫానులోనే కొట్టుకుపోయాడు. ఇవాళ సంవత్సరీకం. మరిది గంగరాజు రేవులో ఆకు మీద పిండం పెట్టాడు. అందరూ దూరంగా జరిగారు. కాకి ముట్టాలి. ముట్టకపోతే పోయినవాడికి ఏదో కొరత ఉండిపోయినట్టు.

దిగబోయిన కాకులన్నీ పెద్దాయన మీదికి పోయాయి. ఇప్పుడు పాక చుట్టూ చేరి అరుస్తున్నాయి.

"పిల్లని చదివిస్తానండీ. మీరేం బెంగ పెట్టుకోకండి," అంది నాగదుర్గ, ఆకు వైపు చూస్తూ.

కాకి రాలేదు.

"అన్నయ్యా, వదిన్నీ పాపనీ నేను చూసుకుంటాను," అన్నాడు గంగరాజు.

రాలేదు.

"ఇంకేం కావాలండీ మీకు?" నాగదుర్గ భోరుమంది.

పంతులుగారు ఎండ కేసి చూశారు. "ఆ పాకలో మనిషుండగా ఇవి ఇటు రావమ్మా."

నాగదుర్గ విసురుగా పాక దగ్గరికి నడిచింది. కోనసీమలో తిట్టినా అండీ పెట్టే తిడతారు.

"ఏవండీ పెద్దాయనా! ఎవరి ఉసురు పోసుకున్నారో గానీ, కాకులు మిమ్మల్ని వదలటం లేదు. మీ మూలంగా మా ఆయన ఆకలితో ఉన్నారండీ. మీకు దణ్ణం పెడతాను, ఈ రేవొదిలి వెళ్ళిపోండి."

పెద్దాయన గుమ్మంలోకొచ్చి ఆకు వైపు చూశాడు.

"ఎవరికమ్మా?"

"మా ఆయనకి. నాగబాబని, తుఫానులో పోయేరు."

ఆయన కాసేపు ఆమె మొహంలోకే చూశాడు.

"ముట్టలేదామ్మా?"

"మీరుంటే ఎలా ముడతాయండీ?"

"ఆయ్. నిజమేనమ్మా. వెళ్ళిపోతాను."

గిన్నె, చెంబు, దుప్పటి మూట కట్టుకున్నాడు. రేవు దాటించే సీమోను పడవ ఆగి ఉంది. అందులో అడుగున ముడుచుకుని కూర్చుని, గిడుగు మొహం మీదికి లాక్కున్నాడు. సీమోను ఏదో అనబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

నడిగోదారి దాకా కాకులు అరుస్తూ వెంట వెళ్ళాయి. తర్వాత వెనక్కి తిరిగాయి. ఒకటి ఆకు దగ్గర వాలి, మెడ వంచి చూసి, పిండం ముట్టింది.

నాగదుర్గ రెండు చేతులూ జోడించింది. ఏడాది తర్వాత ఆమెకి గుండె కాస్త తేలికపడింది.

సీమోను ఒక్కడే తిరిగొచ్చాడు. ఆమె గారెలు పెట్టిన ఆకు తెచ్చి అతని చేతికిచ్చింది.

"తినండి సీమోనన్నయ్యా. ఆ రోజు మీరు పడవలో తెచ్చేరు కాబట్టి ఆయన్ని కళ్ళారా చూసుకున్నాను. మిగతా ఇళ్ళవాళ్ళు తమవాళ్ళని లుంగీలు చూసి, తాయెత్తులు చూసి పోల్చుకున్నారు. మా ఆయన మొహం మాత్రం నిద్దరోతున్నట్టే ఉంది."

సీమోను గారె ముట్టుకోలేదు.

"తెచ్చింది నేనేనమ్మా. ఆ మొహాన్ని కాపాడింది నేను కాదు."

"మరి?"

"ఈ రేవుకి దిగువన గట్టు మీద పడున్నారు మీ ఆయన. వరద తగ్గేదాకా పడవ వెయ్యలేకపోయాను. నేను వెళ్ళేసరికి పక్కన ఒకాయన కర్ర పట్టుకుని కూర్చున్నారు. తిండీ నిద్రా లేకుండా కాకుల్ని తోలుతూనే ఉన్నారంట. అవి కళ్ళ మీదికి దిగుతాయి కదమ్మా. ఆ దెబ్బల్లో ఓ కాకి చచ్చిపోయింది. ఆ మనిషిని ఇవి ఇంకా మర్చిపోలేదు."

నాగదుర్గ ఖాళీ పాక కేసి చూసింది.

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం అన్నయ్యా?"

"చెప్పొద్దని ఒట్టేయించుకున్నారు. 'ఆ సంగతి వింటే వాళ్ళావిడకి ముద్ద దిగదు సీమోనూ' అన్నారు."

ఆమె పడవ వైపు పరిగెత్తింది.

"పదండి, తీసుకొచ్చేద్దాం!"

"బస్సెక్కేసేరమ్మా. ఏ ఊరో చెప్పలేదు."

ఆకు మీద కాకులు మెతుకు మిగల్చకుండా తింటున్నాయి. నాగదుర్గ రేవు మెట్టు మీద కూలబడింది.

"ఇన్ని పోట్లు తింటూ ఇక్కడే ఎందుకున్నారన్నయ్యా ఆయన?"

సీమోను తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"ఆ తుఫానులోనే కొట్టుకుపోయిన కొడుకు కోసమమ్మా, 'మా వాడి దగ్గరా ఎవరో ఒకరు కర్ర పట్టుకుని కూర్చునే ఉంటారు సీమోనూ, ఎప్పటికైనా ఈ రేవులో దిగి నాకు చెబుతారు' అని ఎదురు చూసేవారు."