లాకరు మీద చివరి పేరు

హాకెట్ కోచ్ లాకర్ల మీద పేర్లు పీకేస్తున్నాడు.

తెల్ల టేపు ముక్కల మీద నల్ల సిరాతో రాసిన పేర్లవి. ఒక్కోదాన్నీ గోటితో లేపి, చర్రున లాగి, ఉండ చుట్టి చెత్తబుట్టలోకి విసిరికొడుతున్నాడు.

"వెధవలు! తిన్నింటి వాసాలు లెక్కపెట్టే రకం!"

డిసెంబరులో పోటీలు ముగిశాయో లేదో, కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో బంతి పట్టే రిసీవర్లంతా ఎక్కువ డబ్బిచ్చే కాలేజీలకు ఎగిరిపోయారు. వాళ్ల కోచ్ కూడా వాళ్ల వెనకే పోయాడు. ఆ ఖాళీలోకి వచ్చాడు హాకెట్. జట్టులో బంతి విసిరేవాడున్నాడు. దూరం పరుగెత్తి దాన్ని పట్టేవాళ్లే లేరు. సెప్టెంబరుకల్లా కొత్త దండును నిలబెట్టాలి. లేకపోతే ఈ కాన్సస్ గాలికి కొట్టుకుపోయేది తన ఉద్యోగమే.

ఒక్క టేపు మిగిలింది. ఎమెట్ లాసన్.

ఆ పేరుగల కుర్రాడు బెంచీ మీద కూర్చుని బూట్ల లేసులు కట్టుకుంటున్నాడు. ఆఖరి సంవత్సరం వాడు.

"నువ్వెందుకు పోలేదురా?"

"ఇక్కడే బాగుంది కోచ్."

"ఎవరూ పిలవలేదని చెప్పు."

ఎమెట్ నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వు చూస్తే హాకెట్‌కు ఒళ్లు మండింది.

పెద్ద కోచ్ స్టాంటన్ గదిలో రోజూ రభసే.

"ఒక్క స్కాలర్‌షిప్ ఇప్పించండి. ఒహాయోలో జవారీ అని ఒకడున్నాడు. బంతి గాల్లోకి లేస్తే చాలు, అది వాడిదే. ఫీజు మనం కడతామంటే రేపే వస్తాడు."

"ఉన్నవన్నీ అవతలి జట్టును అడ్డుకునే డిఫెన్స్ వాళ్లకు ఇచ్చేశానయ్యా. ఇప్పుడు ఎక్కణ్ణుంచి తేను?"

"అయితే నన్నే దిగి బంతి పట్టమంటారా?"

"దిగు. ఆ పొట్ట మీద బంతి వాలితే ఎటూ పోదు."

హాకెట్ తలుపు ధడాలున తీశాడు. బయట ఎమెట్ నిలబడి ఉన్నాడు.

"పెద్దాయనతో పనుంది కోచ్."

"నువ్వూ సెలవు చెప్పడానికేనా? చెప్పు, చెప్పు!" అంటూ వాణ్ణి తోసుకుంటూ వెళ్లిపోయాడు.

వారం తిరక్కుండా స్టాంటన్ ఫోన్ చేశాడు.

"ఒకటి దొరికింది. పిలు నీ కుర్రాణ్ణి."

ఎక్కడిదని హాకెట్ అడగలేదు. ఆకలి మీదున్నవాడు అన్నం ఎవరి కంచంలోదని అడుగుతాడా! జవారీ వచ్చి సంతకం పెట్టాడు. వాడు వస్తున్నాడని తెలిసి ఇంకో ఇద్దరు మంచి ఆటగాళ్లు సొంత ఫీజు కట్టుకుని చేరతామన్నారు. దండు లేచి నిలబడుతోంది. హాకెట్‌కు చాన్నాళ్లకు కంటినిండా నిద్ర పట్టింది.

ఎమెట్ మాత్రం తేడాగా తయారయ్యాడు. పొద్దుటి కసరత్తుకు ఆలస్యంగా వచ్చేవాడు. మీటింగుల్లో కునికిపాట్లు పడేవాడు. ఒకరోజు అసలు రానేలేదు.

"వాడి పాత ట్రక్కు తెల్లారి పక్క ఊరి నుంచి రావడం చూశాను," అన్నాడు జట్టు డాక్టరు.

పక్క ఊళ్లో ఉన్నది తరతరాలుగా వీళ్ల పగవాళ్ల కాలేజీ. హాకెట్‌కు ఇంకేమీ వినక్కర్లేకపోయింది.

మర్నాడు లాకర్ల గదిలోనే నిలదీశాడు.

"పక్క ఊళ్లో నీకేం పనిరా?"

"చిన్న పని కోచ్. ఆట మాత్రం మానను."

"ఎంతకు అమ్ముడుపోయావ్?"

ఎమెట్ మొహం ఎర్రబడింది. "అలాంటి మాట అనకండి. అసలేం జరిగిందంటే..."

అంతలో అవతల కొత్త గ్లవ్స్ తొడుక్కుంటున్న జవారీ వైపు చూశాడు. చూసి నోరు మూసుకున్నాడు.

"చెప్పవేం? కొత్తవాణ్ణి చూస్తే ఏడుపొస్తోందా?"

ఎమెట్ వంగి బూటు లేసు బిగించుకున్నాడు.

హాకెట్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆఖరి టేపు కూడా చర్రున పీకేశాడు. కాలేజీ ఇచ్చిన హెల్మెట్టు తప్ప వాడి సామానంతా చెత్త వేసే నల్ల సంచిలో కుక్కి, వాడి కాళ్ల ముందు పడేశాడు.

"పేరు కొట్టేయమని ఆఫీసుకు ఇప్పుడే చెప్తున్నా. మళ్లీ ఈ గడప తొక్కితే కాళ్లు విరగ్గొడతా. పో!"

ఎమెట్ సంచి భుజాన వేసుకున్నాడు. తలుపు దగ్గర ఆగి, జవారీతో అన్నాడు.

"ఎడమ పక్క గాలి బంతిని వెనక్కి లాగుతుంది. తొందరపడి చెయ్యి చాపకు తమ్ముడూ."

ట్రక్కు గేటు దాటడం హాకెట్ కిటికీలోంచి చూశాడు. పీడా వదిలిందనుకుని, కొత్త టేపు మీద జవారీ పేరు రాసి, ఎమెట్ లాకరుకే అంటించాడు.

మధ్యాహ్నం దాటాక స్టాంటన్ ఫోన్ చేత్తో పట్టుకుని విసురుగా వచ్చాడు.

"ఎమెట్‌ని ఏం చేశావ్? వాళ్లమ్మ ఏడుస్తోంది. చదువూ వద్దు, ఆటా వద్దని టెక్సస్‌లోని ఇంటి దారి పట్టాడట. నేను మాట్లాడినా వినలేదు."

"నేనే తరిమేశా. పక్క ఊరి వాళ్లకు అమ్ముడుపోయాడు వాడు."

"నీ మొహం! ఆ ఊళ్లో గిడ్డంగి ఉంది. రాత్రంతా లారీలకు పెట్టెలెత్తి, పొద్దున్నే నీ కసరత్తుకు వస్తున్నాడు."

"లారీలకా? ఎందుకు?"

"కాలేజీ ఫీజు కట్టుకోవడానికి."

హాకెట్ గొంతు తగ్గింది. "వాడికి స్కాలర్‌షిప్ ఉందిగా?"

"ఉండేది," అన్నాడు స్టాంటన్, లాకరు మీది కొత్త పేరు కేసి చూస్తూ. "నువ్వు నా గదిలో అరిచిన రోజే లోపలికొచ్చి, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుని, దాన్ని నీ జవారీకి ఇచ్చేయమన్నాడు."