గిరాకీ లెక్క

మధ్యాహ్నం మూడు దాటింది. ఆస్పినాల్ చేతిలోని చిన్న యంత్రం ఇంకా సున్నా దగ్గరే ఉంది. లైబ్రరీలోకి మనిషి వచ్చినప్పుడల్లా దాని మీట ఒకసారి నొక్కాలి. ఊరి కౌన్సిల్ ఆయన్ని పంపింది అందుకే.

లైబ్రేరియన్ బ్రెండాకు తల కొట్టేసినట్టుంది. పదకొండేళ్ళుగా చూస్తోంది, నవంబరు వస్తే చాలు, నూలు మిల్లులో చేసి రిటైరైన క్లిఫర్డ్, ఆయనతోపాటు ఓ పదిమంది ముసలివాళ్ళు తలుపు తీయకముందే మెట్ల మీద ఉంటారు. ఇంట్లో గ్యాస్ మీటర్‌లో ముందుగా డబ్బు వేస్తేగాని గది వెచ్చబడదు. ఇక్కడ వెచ్చదనం ఊరికే వస్తుంది, పైగా బ్రెండా టీ ఇస్తుంది. పుస్తకం తెరిచేవాళ్ళు తక్కువే. గదిని వెచ్చబెట్టే రేడియేటర్ పక్క కుర్చీ కోసం మాత్రం రోజూ పేచీయే.

ఇవాళ ఆ కుర్చీ కూడా ఖాళీ.

"ఉచితంగా ఇచ్చినా ఎవరూ రాలేదంటే గిరాకీ లేనట్టేగా మేడమ్," అన్నాడు ఆస్పినాల్.

"రోజూ వస్తారండీ. ఇవాళే ఎందుకో..."

"ప్రతిచోటా ఇదే మాట చెప్తారండీ."

నిన్న టీ కప్పులు తీస్తూ బ్రెండా ఆ ముసలివాళ్ళకి చెప్పనే చెప్పింది. రేపు కౌన్సిల్ మనిషి వచ్చి రోజంతా కూర్చుంటాడనీ, లైబ్రరీ ఉండేదీ పోయేదీ ఆయన చేతిలోనే ఉందనీ. తప్పకుండా రండని అడగడానికి మాత్రం నోరు రాలేదు. ఇంగ్లండులో నోరు తెరిచి అడగడమంటే సగం ముష్టెత్తడమే. "మరి మీరు కాస్త... మీకే తెలుసుగా," అని ఊరుకుంది.

"అర్థమైందిలే తల్లీ," అన్నాడు క్లిఫర్డ్.

అర్థమైందట. ఇన్నేళ్ళూ టీ తాగి, తీరా అవసరానికి మొహం చాటేశారు.

ఐదింటికి ఆస్పినాల్ కాగితం మీద సున్నా వేసి సంతకం చేశాడు. నెలాఖరుకి మూసేస్తారని మెల్లగా చెప్పి వెళ్ళాడు. బ్రెండాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. తాళం వేసి బయల్దేరింది.

వీధి మొదట్లో బస్ షెల్టర్ ఉంది. లైబ్రరీకి ఎవరైనా ఆ దారినే రావాలి. అందులో పదకొండుమందీ ఒకరినొకరు ఆనుకుని కూర్చున్నారు. క్లిఫర్డ్ పెదవులు నీలంగా ఉన్నాయి.

"ఆయన వెళ్ళాడా తల్లీ?"

"పొద్దుట్నుంచీ ఎక్కడున్నారు మీరంతా?"

క్లిఫర్డ్ వణుకుతూనే గర్వంగా నవ్వాడు.

"ఇక్కడే, ఊరికే టీ తాగేవాళ్ళు ఆయన కంటబడితే నీకు మాట వస్తుందని ఒక్కర్నీ లోపలికి పోనివ్వలేదు."