మాట్లాడే నడికట్టు

కాకినాడలో ఇప్పుడు బాలింతలందరికీ మాట్లాడే నడికట్టే. పొట్ట కండరాల మధ్య సందు కొలుస్తుంది, వ్యాయామం చేయిస్తుంది, సందు పూడేదాకా ఉద్యోగానికి వెళ్లనివ్వదు.

హిమజకు వ్యాయామం ఇంకా పదిసార్లు మిగిలుండగానే చంటిది ఏడుపు లంకించుకుంది.

"నువ్వు దానికి పాలివ్వు. దీని సంగతి నేను చూస్తా," అంటూ తల్లి రాజ్యం నడికట్టు తన నడుముకు చుట్టుకుని చాప మీద పడుకుంది.

"నిన్న రెండు వేళ్ల సందు, ఇవాళ నాలుగా!" కంగారుపడింది నడికట్టు.

"నేను హిమజ వాళ్లమ్మనే."

"కాన్పయి ఎన్నాళ్లయిందండీ?"

"ముప్పయ్యొక్కేళ్లు."

నడికట్టు మళ్లీ కొలిచింది. "ఎవరూ చూడలేదాండీ?"

"గ్యాసన్నారు. నేనూ అదే అనుకున్నా."

"ఊపిరి వదులుతూ పొట్ట లోపలికి లాగండి. ఒకటి..."

పదీ అయ్యాయి. హిమజ చెయ్యి చాచింది. "ఇంక ఇచ్చెయ్యమ్మా."

"ఉండవే," అంది రాజ్యం, కళ్లు తెరవకుండానే. "ఆ పదీ నీవి. ఇప్పుడు నావి."