చివరి నలభై మాటలు

మార్టా రెండు వాక్యాలు టైపు చేసిందో లేదో, బల్ల మీద నీల్స్ ఫోను మోగింది.

కొడుకు ఫోను ఎత్తడం ఆమెకు అలవాటు లేదు. నాలుగుసార్లు మోగనిచ్చి ఎత్తింది.

"ఏమైపోయావయ్యా బాబూ! పది రోజుల్నుంచి మెయిల్ మీద మెయిల్ పెడుతున్నా. ఒక్కదానికీ జవాబు లేదు."

"నేను వాళ్ళమ్మను," అంది మార్టా.

అవతల ఉన్నది డెస్మండ్. బిజినెస్ స్కూళ్ళకు దరఖాస్తు చేసేవాళ్ళ వ్యాసాలు దిద్దిపెట్టడం అతని వృత్తి. నీల్స్ కంప్యూటర్లోని ఉమ్మడి ఫైల్లో ఏం రాసినా, బోస్టన్‌లో తన తెర మీద అక్షరం అక్షరం చూడగలడు. ఇప్పుడూ చూస్తున్నాడని మార్టాకు ఆలస్యంగా తట్టింది.

"అయితే ఆ రెండు వాక్యాలూ మీవే అన్నమాట."

మార్టా కీబోర్డు మీంచి చేతులు తీసేసింది.

"నాకప్పుడే అనుమానమొచ్చింది మేడమ్. 'దృఢ సంకల్పంతో' అట! నీల్స్ చచ్చినా ఆ మాట రాయడు. ఇంతకీ మీరేం చేస్తుంటారు?"

"హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతాను."

"ఇంకేం! టీచర్ గారే పిల్లాడి హోంవర్కు చేసిపెడుతున్నారు."

ఆ మాట సూటిగా తగిలింది. ముప్ఫై ఏళ్ళుగా, అమ్మానాన్నలు రాసిచ్చిన వ్యాసాలను ఆమె మొదటి పేరాలోనే పట్టేసేది. సున్నా వేసేది. ఎవరు వచ్చి బతిమాలినా మార్చేది కాదు.

"నీల్స్‌ని పిలవండి," అన్నాడు డెస్మండ్.

"వాడు రాలేడు."

"ఊళ్ళో లేడా?"

"ఇంకో నలభై మాటలే డెస్మండ్ గారూ. ఐదింటికల్లా పంపించేస్తాను."

"ఐదు మాకండీ. డులూత్‌లో మీకది నాలుగు. గడియారం చూసుకున్నారా?"

పొయ్యికున్న గడియారం మూడు ముప్ఫై ఎనిమిది చూపిస్తోంది. దాని పక్కన ఇరుగుపొరుగు వండి తెచ్చిన గాజు పళ్ళేలు కడిగి బోర్లించి ఉన్నాయి. ఒక్కోదాని అడుగున ఒక్కొక్కరి పేరు అంటించి ఉంది. తిరిగి ఇచ్చి రావాలి.

వ్యాసం ఒకే ప్రశ్నకు జవాబు. పదేళ్ళ తర్వాత మీరు ఎక్కడ ఉంటారు? ఐదు వందల మాటలు మించకూడదు. నీల్స్ నాలుగు వందల అరవై రాశాడు. తాత పనిచేసిన పడవల మరమ్మతు యార్డు గురించి, అది మూతపడిన రోజు గురించి, పనివాళ్ళ వాటాలతోనే దాన్ని మళ్ళీ తెరవడం గురించి. చివరి పేరా 'పదేళ్ళ తర్వాత' అన్నచోట ఆగిపోయింది.

పోయినేడు ఇదే బిజినెస్ స్కూలు రెండు లైన్లలో కాదంది. ఇదే ఆఖరుసారి అన్నాడు నీల్స్. ఈసారి వాళ్ళేమంటారో మార్టాకు తెలియాలి. అంతకుమించి ఆమె ఏమీ కోరడం లేదు.

"చూడండి టీచర్ గారూ, పెద్దవాళ్ళు చెయ్యి పెడితే నేను తప్పుకుంటాను. అది నా నియమం. ఈ ఫైలు ఇప్పుడే మూసేయగలను."

"మూయకండి."

తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. సున్నాలు మార్చమని వచ్చిన తల్లుల గొంతు అది.

"భయపడ్డాడు కదూ?" డెస్మండ్ కాస్త మెత్తబడ్డాడు. "చివరి గంటలో చాలామంది ఇంతేనండీ. గదిలో దూరి తలుపేసుకుంటారు. వెళ్ళి గట్టిగా కొట్టండి."

మార్టా నడవా వైపు చూసింది. నీల్స్ గది తలుపు మూసే ఉంది. ఆమె కుర్చీలోంచి లేవలేదు.

"సరే, ఓ పని చేయండి. అతని దగ్గర జేబులో పెట్టుకునే పుస్తకం ఒకటుంది. ముగింపు అందులో రాసుకున్నానని పోయినసారి చెప్పాడు. అతని మాటలైతే నాకేం అభ్యంతరం లేదు."

మూడు నలభై తొమ్మిది.

పెరటి తలుపు పక్కన కొక్కేనికి నీల్స్ జాకెట్ వేలాడుతోంది. దాని జేబుల్లో ఆమె ఇంతవరకు చెయ్యి పెట్టలేదు. ఇప్పుడు పెట్టింది. ఒక చేతితొడుగు, పెట్రోలు రసీదు, పుస్తకం. అట్ట మీద తెల్లరంగు మరక. చివరి పేజీ తిప్పి, తరగతిలో చదివినట్టు నిదానంగా చదివింది.

"పదేళ్ళ తర్వాత ఆ గేటు తాళంచెవి నా దగ్గర ఉండాలని లేదు. గేటుకి తాళమే ఉండకూడదు. పొద్దున ఎవరు ముందొస్తే వాళ్ళు లైట్లు వేస్తారు."



"అదీ నీల్స్ అంటే," అన్నాడు డెస్మండ్. "ఇంకేమీ తగిలించకండి."

ఆమె తన రెండు వాక్యాలూ చెరిపేసింది. కొడుకువి ఎక్కించింది. ఇంకా కొన్ని మాటలకు చోటుంది. ఉండనిచ్చింది.

దరఖాస్తు చివరి పేజీలో చిన్న గడి. ఇందులోని ప్రతి మాటా దరఖాస్తుదారు సొంతం. పొద్దుట్నుంచీ ఆ గడిని చూడటానికే భయపడింది. ఇప్పుడు టిక్కు పెట్టి, పంపించు అన్నచోట నొక్కింది. మూడు యాభై ఏడు. తెర మీద చక్రం తిరిగింది, తిరిగింది, ఆగింది. దరఖాస్తు అందింది.

"వెళ్ళింది," అంది మార్టా.

డెస్మండ్ మొదటిసారి నవ్వాడు. "రాసిపెట్టుకోండి టీచర్ గారూ, ఈసారి ఇంటర్వ్యూకి పిలుస్తారు. ఆ నీలం సూటు ఇస్త్రీ చేయించి ఉంచుకోమనండి. పోయినసారి కెమెరాలో వేసుకుని చూపించాడు. పెళ్ళికొడుకులా ఉన్నాడు!"

ఆ సూటును మార్టాయే ఇస్త్రీ చేసింది, పదకొండు రోజుల కిందట, నీల్స్‌ను శవపేటికలో పడుకోబెట్టేముందు.